పెద్దాయన ‘కి’, నా తెలుగు అనువాదం

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు నోరు విప్పితే వినేవాళ్ళు సగం కొట్టేసి వింటారు. నా విషయంలో ముప్పాతిక కొట్టేస్తారు. అది నేను సంపాదించుకున్న పేరే, ఎవరినీ అనడానికి లేదు. అందుకని, ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ముందే ఒక మాట ఇస్తున్నాను. ఇందులో నేను ఆడిన అబద్ధాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేనే వేలు పెట్టి చూపిస్తాను. మిగిలింది జరిగిందే. కొట్టేయకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గల్ఫ్‌లో సబ్హాన్ అనే ఫ్యాక్టరీల పేటలో, ఒక షెడ్డులో ఫిట్టర్ని. పెద్ద పెద్ద పంపులూ కంప్రెసర్లూ పాడైతే లారీల మీద మా దగ్గరికి వచ్చేవి. విప్పి, కడిగి, అరిగినవి మార్చి, బిగించి పంపేవాళ్ళం. నలభై మందిమి. నివాసం మంగఫ్‌లో, కంపెనీ బిల్డింగులో. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. ఆ బస్సే నా రంగస్థలం. డ్రైవరు వెనక రెండో సీటులో వెనక్కి తిరిగి కూర్చుని కథ మొదలుపెడితే సబ్హాన్ గేటు దగ్గర ఆపేవాణ్ణి. మిగతాది సాయంత్రం.

ఆ ఏడాది మా షెడ్డుకి సూపర్‌వైజరుగా ఒక జపాను ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. తల నాకు మోచేతి దాకా వస్తుందేమో. (ఇది మొదటి అబద్ధం. భుజం దాకా వచ్చేవాడు.) ఆయన్ని ఎదురుగా సార్ అనేవాళ్ళం, వెనకాల పెద్దాయన అనేవాళ్ళం.

పెద్దాయన వచ్చిన మొదటి రోజే కొత్త పద్ధతి పెట్టాడు. పని మొదలవ్వకముందు నలభై మందీ వరసలో నిలబడాలి. చేతులు పైకెత్తి, కిందకి దించి, నడుము తిప్పి, ఐదు నిమిషాల కసరత్తు. తర్వాత ఆయన వరస మొదట్నుంచి చివరిదాకా నడుస్తాడు. ఒక్కొక్కడి ముందు ఆగుతాడు. కళ్ళలోకి చూసి, “గెంకి?” అంటాడు. బాగున్నావా అని. మనవాడు “గెంకి!” అనాలి. బాగున్నాను అని. ఆయన తలాడించి పక్కవాడి దగ్గరికి వెళతాడు. నలభై మందికీ నలభైసార్లు.

ఇదొక్కటే కాదు. మిషను మీద మీటరు చూడాలంటే ఊరికే చూడకూడదు. వేలు పెట్టి చూపించి, పైకి గట్టిగా చెప్పాలి. “ప్రెషరు పది, బాగుంది!” అని. వాల్వు మూసినా అంతే. “వాల్వు మూసి ఉంది, బాగుంది!” షెడ్డంతా ఈ కేకలే.

మాతోబాటు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కడప అన్న ఒకడుండేవాడు. మీసం మెలేసి, మాట కూడా మెలేసి మాట్లాడే మనిషి. మొదటి రోజే నా చెవి దగ్గరికొచ్చి, “ఏందప్పా ఇది, మిషన్‌తో మాట్లాడేది? రేపు దానికి సంగటి కూడా పెట్టమంటాడేమో సూడు,” అన్నాడు.

పెద్దాయనకి ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు. నాకూ అంతే. కానీ మా ఇద్దరి ముక్కలూ ఎలాగో అతుక్కునేవి. అలా నేను ఆయనకి అనువాదకుణ్ణి అయ్యాను. ఈ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం టీ దగ్గర ఆయన ‘కి’ గురించి చెప్పాడు. ఆయన చెప్పినదాన్నీ, తర్వాత నేను తెలుసుకున్నదాన్నీ కలిపి ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తాను, అప్పుడు అలా చెప్పలేదు కాబట్టి. ‘కి’ అంటే మనిషిలోనూ బయటా తిరిగే జీవశక్తి అని వాళ్ళ నమ్మకం. ప్రాణం అనుకోవచ్చు, ఊపిరి అనుకోవచ్చు, ఉత్సాహం అనుకోవచ్చు. ఏది అనుకున్నా ఇంకా కాస్త మిగిలిపోతుంది. వాళ్ళ భాషలో జబ్బుకి ఉన్న మాటలో కి ఉంది. వాతావరణానికి ఉన్న మాటలో ఉంది. గాలికి ఉన్న మాటలో ఉంది. ‘గెంకి’లోనూ అదే ఉంది. పొద్దున్న లేచినప్పటినుంచీ వాళ్ళు దాని పేరు తలవకుండా నాలుగు మాటలు మాట్లాడలేరు. అయినా అదేమిటో చెప్పమంటే నవ్వేస్తారు. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే అది బొడ్డు కింద నిలకడగా కూర్చుంటుందనీ, అప్పుడు చెయ్యి వణకదనీ, చూపు చెదరదనీ ఆయన చెప్పాడు.

ఆ పూట ఆయన నోటినుంచి వచ్చింది మాత్రం ఇంతే: “ఊపిరి. నెమ్మది. పొట్ట. కి కిందకి. మంచిది.”

దాన్ని నేను తెలుగులోకి మార్చడానికి పావుగంట పట్టింది. హిమాలయాల్ని తెచ్చాను, జపాను కొండల్ని తెచ్చాను, నూట ఇరవై ఏళ్ళు బతికిన ఆయన ముత్తాతని తెచ్చాను. పెద్దాయన వాచీ చూసుకుని, “తెలుగు భాష, చాలా పొడుగు,” అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఆయనకి ఒక అలవాటుండేది. లారీ మీదనుంచి దించిన పంపుని విప్పేముందు దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. ఒకసారి నడుస్తున్న పంపు మీద అలాగే చెయ్యి పెట్టి, “దీనికి కి తక్కువ,” అన్నాడు. మీటర్లన్నీ బాగానే చూపిస్తున్నాయి. ఆపి విప్పితే లోపల బేరింగు గుండ్లు నమిలేసినట్టున్నాయి. ముప్పై ఏళ్ళుగా అరచేతితో అదురు వింటున్న మనిషికి అది తెలియడంలో వింతేమీ లేదని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, బస్సులో చెప్పడానికి అంతకంటే పెద్ద ముడిసరుకు నాకు ఎక్కడ దొరుకుతుంది?

మర్నాడు పొద్దున్న బస్సులో దుమ్ముతుఫాను కథ పుట్టింది. షెడ్డు వైపు గోడలా వస్తున్న దుమ్ముకి పెద్దాయన ఎదురెళ్ళి, బొడ్డు కిందనుంచి ఒక్క ఊపిరి వదిలితే, తుఫాను అలాగే పక్కకి తిరిగి మిష్రిఫ్ మీదకి వెళ్ళిపోయిందనీ, అక్కడ విల్లాల్లో పనిచేసే మన ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు లాక్కుని, “మామా, మామా, తలుపులు!” అని యజమానురాళ్ళని కేకేస్తూ లోపలికి పరిగెత్తారనీ చెప్పాను. ఆ మర్నాడు ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియను కథ. పెద్దాయన వాడి వెన్ను మీద చెయ్యి పెట్టగానే కిడ్నీలో రాయి బయటపడి రేకు మీద ఖణేల్‌మని మోగింది.

“ఎంత రాయప్పా?” అన్నాడు కడప అన్న.

“బఠానీ గింజంత.”

“నిన్న టీ కాడ పెసరగింజంత అంటివే!”

“ఎండకి ఉబ్బిందన్నా.”

బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. నవ్వనిది ఒక్కడే. మా బాబాయ్.

బాబాయ్ నాకు చుట్టం కాదు. పాలకొల్లు దగ్గరి మనిషి, వెల్డరు. యాభై దాటాడు. నేను కోనసీమ నుంచి దిగిన మొదటి వారం, నా మంచం కింద నా పెట్టె పట్టక అవస్థ పడుతుంటే తన పెట్టె తీసి తలకింద పెట్టుకుని చోటిచ్చినవాడు. ఆ రోజునుంచీ బాబాయ్. ఆయన పెట్టిన వెల్డు అతుకు మీద చెయ్యి రాస్తే అతుకెక్కడుందో తెలిసేది కాదు. మాటలు తక్కువ. నా కథల్ని మొదట్నుంచి చివరిదాకా, తీసివేతలు లేకుండా నమ్మే మనిషి కూడా షెడ్డు మొత్తంలో ఆయనొక్కడే. నిజం చెప్పాలంటే నేను కథ చెప్పేది ఆయన మొహం చూస్తూనే. వినేవాళ్ళలో ఒక్కడైనా నమ్మకపోతే చెప్పేవాడికి ఊపు రాదు.

నవ్వులు సద్దుమణిగాక బాబాయ్ ముందు సీటు మీదకి వంగి, “ఒరే అబ్బాయ్, ఆ ఊపిరి పద్ధతి ఉంది చూడు, అది గుండెక్కూడా పనిచేత్తదంటావా?” అన్నాడు.

తమ్ముళ్ళూ, నేను ఇక్కడ ఆగవలసింది. ఎందుకడుగుతున్నావు బాబాయ్ అని అడగవలసింది. అడగలేదు. “గుండెకే మొదట!” అన్నాను. “నలభై రోజులు చేశావంటే గుండె, ఊపిరితిత్తులు, కాలేయం అన్నీ కొత్తవి బిగించినట్టే. ఆస్పత్రి మొహం చూడక్కర్లేదు. జపాన్లో ఆస్పత్రులన్నీ బోసిపోయి సినిమా హాళ్ళయిపోయాయంట.”

ఆ మాటలు ఆయన ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో తెలియాలంటే మా ముదీర్ గురించి ఒక ముక్క చెప్పాలి. ముదీర్ అంటే మేనేజరు. దుర్మార్గుడేం కాదు. పండక్కి అందరికీ ఖర్జూరం పంచేవాడు. కానీ జబ్బు మనిషంటే ఆయనకి విరిగిన స్పానరుతో సమానం. అంతకుముందు ఏడాది మాలో ఒక తెలంగాణ తమ్ముడికి కిడ్నీ జబ్బని తెలిసిన వారానికే, “ఖలాస్,” అని టికెట్టు చేతిలో పెట్టి ఊరికి పంపించేశాడు. అప్పట్నుంచీ షెడ్డులో ఎవరికీ జబ్బు రాలేదు. జ్వరమొస్తే మాత్ర మింగి వచ్చేవాళ్ళు. నడుము పట్టేస్తే తోలు బెల్టు బిగించి వచ్చేవాళ్ళు. పెద్దాయన వచ్చి గెంకీయా అంటే నలభై మందీ గెంకీయే.

బాబాయ్‌కి మెట్లెక్కితే ఛాతీలో పట్టేస్తోంది. అప్పటికే కొన్నాళ్ళుగా. కొడుకు పాలిటెక్నిక్ ఇంకో ఏడాదిలో అయిపోతుంది, ఈ ఒక్క ఏడాదీ గడిచిపోతే చాలని ఆయన లెక్క. ఎవరికీ చెప్పలేదు. నా నలభై రోజుల మందు దొరికింది.

రోజూ తెల్లవారకముందే ఆయన మంగఫ్‌లో మా బిల్డింగు డాబా మీదకెక్కి నీళ్ళ ట్యాంకుల మధ్య కూర్చుని ఊపిరి వదులుతుంటే చూసి నేను గర్వపడ్డాను. ఆ డాబాకి ఐదంతస్తుల మెట్లు. లిఫ్టు అంతదాకా వెళ్ళదు. గుండెకి మందు తీసుకోవడానికి ఆయన రోజూ ఐదంతస్తులు ఎక్కుతున్నాడు. అది నాకు తట్టలేదు.

నెల దాటింది. ఆ రోజు మాకు పెద్ద పరీక్ష. బాగుచేసిన కంప్రెసరు ట్యాంకుని నీళ్ళతో నింపి ప్రెషరు ఎక్కిస్తాం, అతుకులు నిలబడతాయా లేదా అని. అతుకులన్నీ బాబాయ్ వేసినవే కాబట్టి ట్యాంకుని నిలబెట్టిన గుంటలోకి దిగి దగ్గరనుంచి చూడవలసిందీ ఆయనే. సరుకు తాలూకు కంపెనీ ఇన్‌స్పెక్టరు ఏడింటికి వస్తాడని ముదీర్ ముందురోజునుంచే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

బస్సులో బాబాయ్ నా పక్కనే కూర్చున్నాడు. ఏసీ చలికి అందరూ చేతులు ముడుచుకుని ఉంటే ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

“ఏంటి బాబాయ్, ఆ చెమటేంటి?”

“ఏం లేదెహె. కి కిందకి దిగుతుంది.” చిన్నగా నవ్వాడు. “దిగేప్పుడు పట్టేసి మంట పుడతదని నువ్వే చెప్పావు కదరా.”

“నేనెప్పుడు చెప్పాను?”

“మొన్న. పొయ్యిలోంచి నిప్పులు కిందకి రాలినట్టుంటదన్నావు. అలాగే ఉందిరా, అచ్చంగా. ఎడం చేతిక్కూడా దిగింది.”

చెప్పే ఉంటాను. ఏ మలుపులో, ఎవరు నవ్వితే చెప్పానో నాకు గుర్తుకూడా లేదు. అంత వేడి బస్సులో కూడా నా వేళ్ళు చల్లబడ్డాయి. చూశారా, బస్సులో చలేస్తోందని పైన రాసి ఇప్పుడు వేడి అంటున్నాను. ఆ పూట నాకు ఏదీ సరిగా తెలియలేదు, అందుకని దిద్దకుండా వదిలేస్తున్నాను.

“బాబాయ్, ఆస్పత్రికి పోదాం.”

“నోర్ముయ్. ఇవాళ పరీక్ష. ముదీర్‌కి తెలిత్తే టికెట్టు కొట్టేత్తాడు. ఇంకెంత, ఏడు రోజులు చేత్తే నలభై అయిపోద్ది.”

షెడ్డులో దిగాం. కసరత్తుకి అందరి చేతులూ పైకి లేచాయి. బాబాయ్ ఎడమ చెయ్యి భుజం దాటలేదు. వరసలో నా చోటునుంచి నేను చూస్తూనే ఉన్నాను. పెద్దాయన నడక మొదలుపెట్టాడు. గెంకి? గెంకి! గెంకి? గెంకి! బాబాయ్ దగ్గరికి వచ్చి ఆగాడు.

“గెంకి?”

“గెంకి!” బాబాయ్ కేక ఆ రోజు అందరికంటే పెద్దది.

పెద్దాయన కదల్లేదు. “మళ్ళీ,” అన్నాడు.

“గెంకి!”

“మళ్ళీ.”

షెడ్డు గుమ్మంలోంచి ముదీర్ తొందరపెడుతూ చేతులు ఊపుతున్నాడు. “యల్లా, యల్లా! ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరున్నాడు!”

పెద్దాయన అటు చూడనైనా లేదు. నన్ను పిలిచాడు. “అడుగు. నిజం అడుగు,” అన్నాడు.

నేను వెళ్ళి బాబాయ్ ముందు నిలబడ్డాను. ఆయన పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. “చెప్పమాకురా,” అన్నాడు నెమ్మదిగా. “నీకు దణ్ణం పెడతాను. ఒక్క ఏడాదిరా అబ్బాయ్. పంపించేత్తారు.”

మనిషి బతుక్కీ ఆ మనిషి బతుకుతెరువుకీ మధ్య నన్ను నిలబెట్టారు. నా దగ్గరున్నది నోరొక్కటే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది, ఆ నోటిని ఆ క్షణంలో కూడా అలవాటైన దారిలోకే పోనిచ్చాను. పెద్దాయన వైపు తిరిగి, “సార్, రాత్రి నిద్ర సరిగా లేదంటున్నాడు. అంతే సార్,” అన్నాను.

పెద్దాయన నన్ను చూశాడు. బాబాయ్‌ని ఎలా చూశాడో అలాగే.

“ఇప్పుడు,” అన్నాడు, “నీ గొంతుకి కూడా తోక లేదు.”

ఆయన తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. మాట ముందు భాగం ఎవడైనా అరవగలడట. కి ఉండేది చివర్లో. ఊపిరి ఉన్నవాడి మాటకి తోక ఉంటుంది, గాలిలో కాస్త సాగుతుంది. ఇతని మాట తెగిపోతోంది. నీదీ తెగిపోయింది. ఇదంతా ఆయన ఆరేడు ఇంగ్లీషు మాటల్లో చెప్పాడు. రోజూ నలభైసార్లు ఆయన వింటున్నది అదన్నమాట. మేం ఆయన కోసం అరుస్తున్నాం అనుకున్నాం. ఆయన మేం అరిచాక మిగిలేదాన్ని వింటున్నాడు.

నేను చెప్పేశాను. ఛాతీలో మంట, చెయ్యి లాగడం, నెలరోజులుగా డాబా మెట్లు, అన్నీ. నా జీవితంలో నేను చేసిన అనువాదాల్లో అదే పొట్టిది.

బాబాయ్ నన్ను తిట్టలేదు. తల పక్కకి తిప్పుకున్నాడు. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది. మరుక్షణం ఆయన మోకాళ్ళు వంగాయి. కడప అన్న వెనకనుంచి రెండు చంకల కిందా చేతులేసి పట్టుకున్నాడు. “ఓర్నాయనా, మనిసి మంచుగడ్డ మాదిరి ఉండాడే!” అని అరిచాడు.

ముదీర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. “వేరే వాణ్ణి దింపండి గుంటలోకి! పరీక్ష ఆగడానికి వీల్లేదు!”

పెద్దాయన గొంతు పెంచడం నేను చూసింది ఆ ఒక్కసారే. “ట్యాంకు ఆగుతుంది. రేపటిదాకా ఆగుతుంది,” అన్నాడు. తన కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టి, తనే వెనక సీటులో కూర్చుని బాబాయ్ తల ఒడిలో పెట్టుకున్నాడు. దారంతా ఆయన ఒక చెయ్యి బాబాయ్ గుండె మీద ఉంది. వెన్నులోంచి రాళ్ళు రాల్చే చెయ్యి కదా, ఏదైనా జరుగుతుందేమోనని నేను అద్దంలోంచి చూశాను. నా కథ నేనే నమ్మే స్థితికి వచ్చాను. ఏమీ జరగలేదు. ఆయన గుండె దెబ్బలు లెక్కపెడుతున్నాడు, అంతే. ఆగితే చేతులతో నొక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆస్పత్రిలో మన భీమవరం వైపు నర్సమ్మ ఒకావిడ ఉండటం మా అదృష్టం. బాబాయ్‌కి వైర్లు తగిలిస్తూ, “ఎన్నాళ్ళనుంచండి నొప్పి?” అంది.

“నెల దాటిందమ్మా.”

“నెల! నెల్రోజులూ ఏం చేశారండి?”

“ఊపిరి పీల్చాను తల్లీ.”

“ఊపిరి అందరం పీలుస్తామండి బాబూ!” అని, నా వైపు తిరిగింది. “మీరేమవుతారు ఈయనకి?”

ఏం చెప్పను? వైద్యుణ్ణి అని చెప్పనా?

బాబాయ్ గుండె రక్తనాళం ఒకటి దాదాపుగా మూసుకుపోయిందని లోపలికి తీసుకెళ్ళి స్టెంటు వేశారు. మధ్యాహ్నానికి నర్సమ్మ బయటికి వచ్చి, “దేవుడి దయ, గట్టెక్కారు. ఆ పరీక్షేదో చేసి వచ్చుంటే నేను వేరే కాయితం నింపవలసొచ్చేది,” అని వెళ్ళిపోయింది.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీల మీద నేనూ పెద్దాయనా మిగిలాం. ఇక ఆపుకోలేకపోయాను. దుమ్ముతుఫాను, కిడ్నీ రాయి, నలభై రోజులు, సినిమా హాళ్ళయిపోయిన ఆస్పత్రులు, ఒక్కొక్కటీ చెప్పాను. మీ పేరు మీద ఇవన్నీ అమ్మాను సార్ అన్నాను. తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది.

ఆయన ప్యాంటు మడత పైకి లాగాడు. మోకాలికి పట్టీ ఉంది. చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. బీపీకి రోజూ ఒకటి, మోకాలికి రోజూ ఒకటి. “నాకు శక్తి లేదు,” అన్నాడు. “కి, మాత్ర, స్నేహితులు.”

తర్వాత వాళ్ళమ్మ గురించి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఆవిడ స్నానశాల నడిపేదట. వీధిలో అందరూ సాయంత్రం అక్కడికే వచ్చి వేడినీళ్ళ స్నానం చేసి వెళ్ళేవాళ్ళు. ఆవిడ గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళని పలకరించేది. ఎవరు ఎలా బదులు పలికారో వినేది. ఫలానా ముసలమ్మ గొంతు ఇవాళ బాగోలేదని కొడుకుని, అంటే ఈయన్ని, ఒక గిన్నెలో గంజి ఇచ్చి వాళ్ళింటికి పంపేది. చాలాసార్లు ఆవిడ అనుకున్నదే నిజమయ్యేది. “కి గురించి నాకు తెలిసింది అంతే. మా అమ్మ వినేది,” అన్నాడు. నేను పావుగంట చేసి ఉండేవాణ్ణి దీన్ని.

లేస్తూ నా భుజం తట్టాడు. “నువ్వు చాలా మాట్లాడతావు. గొంతులు నీకు తెలుసు. రేపటినుంచి వరస నువ్వు నడు.”

అది శిక్షో బహుమానమో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఆ సాయంత్రం ఆయన ముదీర్ గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి సగం షెడ్డు విన్నది, మిగతా సగం విన్నట్టు చెప్పింది. ముదీర్ టికెట్టు మాటెత్తాడు. పెద్దాయన అన్నాడు: “ఇతన్ని పంపితే రేపు నలభై మందీ గెంకి అంటారు. ఎల్లుండీ అంటారు. గుంటలో పడిపోయేదాకా అంటారు. అప్పుడు ఆ వరస నాకెందుకు? నన్ను కూడా పంపించెయ్యి.” ముదీర్ చాలాసేపు పేపర్‌వెయిటు తిప్పాడట. “ఖలాస్,” అన్నాడట చివరికి. మేం బయట హడలిపోయాం. కానీ ఈసారి ఆ మాటకి అర్థం, సరే, నీ బాధ్యత అని. బాబాయ్‌ని సామాన్ల గదిలో కూర్చునే పనికి వేశారు.

నా మొదటి వారం ఘోరంగా గడిచింది. వరస నడిచేవాడు మాట్లాడకూడదు. ఒక్క మాట అడిగి, ఆగి, వినాలి. నాకు ఆ ఆగడం చేతకాలేదు. అవతలివాడు నోరు మూయకముందే నేను పక్కవాడి ముందుండేవాణ్ణి. పెద్దాయన నా వెనకే చేతులు కట్టుకుని నడుస్తూ, “వెనక్కి,” అనేవాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి అడిగేవాణ్ణి. కడప అన్న, “ఏమప్పా, నా మీసం మీదేమన్నా రాసిండాదా, అట్ల సూస్తాండావు?” అని ఏడిపించేవాడు. వారం గడిచాక నెమ్మదిగా వినపడటం మొదలైంది. ఒకడి గొంతులో ముందురోజు ఫోనులో ఇంటివాళ్ళతో పడ్డ గొడవ. ఇంకొకడి గొంతులో జలుబు. ఇంకొకడి గొంతులో ఏదో సంతోషం, చెప్పకుండా దాచుకున్నది. నేనే కథలు చెప్పేవాణ్ణని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పొద్దున్నే నలభై కథలు నా ముందు నిలబడి ఉండేవి.

అయినా అందరూ ఇంకా గెంకి అనే అంటున్నారు. తోక లేకపోయినా అంటున్నారు. పక్కకి పిలిచి అడిగితే, “అబ్బే, బాగానే ఉన్నాను,” అనేవాళ్ళు. టికెట్టు భయం అంత తేలిగ్గా పోదు.

నెలన్నర తర్వాత బాబాయ్ వచ్చాడు. చిక్కిపోయాడు. వెల్డింగు తోలు కోటు బదులు సామాన్ల గది నీలం చొక్కా. నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఆస్పత్రిలో అన్నం తినిపిస్తే తిన్నాడు గానీ మాట్లాడలేదు. నేరుగా వచ్చి వరసలో తన పాత చోటులోనే నిలబడ్డాడు. గుమ్మంలో ముదీర్ నిలబడి చూస్తున్నాడు.

ఆయన ముందుకొచ్చేసరికి నా గొంతుకే తోక పోయింది. “గెంకి, బాబాయ్?” అన్నాను.

ఆయన ముదీర్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా కళ్ళలోకి చూశాడు.

“ఇవాళ అంత బాగోలేదురా అబ్బాయ్,” అన్నాడు. కేక కాదు, మామూలు గొంతు. చివరిదాకా సాగింది. “నాలుగడుగులేత్తే ఆయాసం వత్తంది.”

నేను పెద్దాయన వైపు తిరిగాను. ఆయన బాబాయ్‌ని చూడటం లేదు. బాబాయ్ పక్కనున్న కడప అన్నని చూస్తున్నాడు. సరే అని నేను అటు జరిగాను.

“గెంకి, అన్నా?”

అన్న నోరు తెరిచాడు, ఎప్పటి కేక కోసమే. మూశాడు. మీసం సర్దుకున్నాడు. “నడుము పట్టేసిండాదప్పా,” అన్నాడు. “నాలుగు దినాలాయె. బండి ఎక్కలేకుండా ఉండాను.”

ఆ పక్కవాడికి పంటి నొప్పి. ఆ పక్కవాడికి వారం నుంచి నిద్ర లేదు, వాళ్ళమ్మకి బాగోలేదట. ఒకడికి చెవి వినపడటం లేదు. వరస చివరికి వచ్చేసరికి పదకొండు మంది బాగోలేమన్నారు. పని ముప్పావుగంట ఆలస్యమైంది. గుమ్మంలో ముదీర్ వాచీ చూసుకుని, తల పట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన వరస మొత్తాన్ని ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒకసారి చూశాడు. ఆయన మొహం అంత వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

“ఇవాళ,” అన్నాడు, “మన షెడ్డు ‘కి’ చాలా బాగుంది.”